ఎమ్మే గుమ్మం దగ్గర తెలుగు

2017 మే 31, బుధవారం సాయంత్రం. ఢిల్లీ షాజహాన్ రోడ్డులోని ధోల్‌పూర్ హౌస్ నుంచి సివిల్స్ ఫలితాలు వెలువడ్డాయి. యూపీఎస్సీ జాబితాలో 1,099 పేర్లు. మొదటిది కర్ణాటక అమ్మాయి కె.ఆర్. నందినిది. రెండోది అమృత్‌సర్ కుర్రాడు అన్మోల్ షేర్ సింగ్ బేదీది. మూడో పేరు రోణంకి గోపాలకృష్ణ. ఊరు పారసంబ, మండలం పలాస, జిల్లా శ్రీకాకుళం.

జిల్లా పొలిమేర దాటితే ఎవరికీ తెలియని ఊరది. తల్లిదండ్రులు వ్యవసాయం చేసుకునేవాళ్లు, అక్షరం ముక్క రానివాళ్లు. కొడుకు సర్కారు బడి పంతులు. ఆ పంతులు దేశంలో మూడో ర్యాంకు కొట్టాడని తెలిసేసరికి ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతమంతా ఆ ఇంటి గురించే మాట్లాడుకుంది. తెలుగు మీడియంలో చదివాడు, తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకున్నాడు, చివరికి ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇచ్చాడు అన్న మాట పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పాకింది.

ఈ కథను మన పత్రికలు పేదరికం మీద గెలుపుగా చెప్పాయి. అది నిజమే. అయితే ఇందులో మరో కథ కూడా ఉంది. దాన్ని ఎవరూ విప్పి చెప్పలేదు. అది అర్హత నిబంధనల కథ. ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చుని ఎవరో రాసే నాలుగు వాక్యాలు ఒక పల్లెటూరి పిల్లవాడిని లోపలికి రానిస్తాయా, గుమ్మం దగ్గరే ఆపేస్తాయా అన్న కథ. ఇప్పుడు ఉద్దానంలో డిగ్రీ పూర్తిచేసి, సోషియాలజీలోనో ఎకనామిక్స్‌లోనో హిస్టరీలోనో మంచి విశ్వవిద్యాలయంలో ఎమ్మే చేయాలనుకునే పిల్లలకు ఈ రెండో కథే అక్కరకొస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను.

*

ఇంటర్ అయిన పిల్లవాడికి ఉద్దానంలో రెండు దారులుంటాయి. ఇంట్లో కాస్త ఓపిక ఉంటే విశాఖ బండెక్కి డిగ్రీకో ఇంజినీరింగుకో వెళ్లడం ఒకటి. ఇంటికి వెంటనే నాలుగు రాళ్లు రావాలంటే చేతికందే ఉద్యోగం చూసుకోవడం రెండోది. గోపాలకృష్ణ రెండో దారిలో నడిచారు. టీచర్ ట్రైనింగ్ చేశారు, ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా సైన్సు డిగ్రీ పూర్తిచేశారు. పగలు పిల్లలకు పాఠం చెప్పి, మిగిలిన వేళల్లో తన పాఠం తాను చదువుకున్న డిగ్రీ అది.

దూరవిద్య డిగ్రీ అంటే మనలో చాలామందికి చిన్నచూపు. పెళ్లి సంబంధాల దగ్గర, ప్రైవేటు కంపెనీల ఇంటర్వ్యూల్లో ఆ చూపు ఎదురవుతూనే ఉంటుంది. యూపీఎస్సీ నిబంధన మాత్రం గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ ఏదైనా సరే అంటుంది. ఏ కాలేజీ, ఎన్ని మార్కులు, రెగ్యులరా కాదా అని అడగదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ కథ మొదలయ్యేదే కాదు.

తర్వాత హైదరాబాద్. అక్కడ ఆయన కోచింగ్ కోసం తిరిగారు. వెనుకబడిన ప్రాంతం వాడినని తనను చేర్చుకోలేదని ఆ తర్వాత విలేకరులకు ఆయనే చెప్పారు. తెలుగులో సివిల్స్ రాసేవారికి అప్పట్లో పుస్తకాలూ తక్కువే, నోట్సులూ తక్కువే. ఇంగ్లీషు పుస్తకం చదివి, అర్థం చేసుకుని, తన తెలుగులో తానే రాసుకోవాలి. ఒక్కో పాఠానికి రెండు చదువులు. తొలి ప్రయత్నాలు ఫలించలేదు. స్నేహితులు చేయిపట్టుకుని నిలబెట్టారు.

*

ఇక్కడ కథను 2013 మార్చికి తిప్పాలి. ఈ గాథలో అసలు గండం అప్పుడే వచ్చింది. పారసంబలో దాని చప్పుడు ఎవరికీ వినపడి ఉండదు.

ముందుగా కొంచెం పాత సంగతి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం సివిల్స్ ఇంగ్లీషులోనే రాయాల్సి వచ్చింది. 1974లో డి.ఎస్. కొఠారి అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ 1976లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1979 నుంచి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా మెయిన్స్ జవాబులు రాయొచ్చు. అభ్యర్థి డిగ్రీలో ఏం చదివాడన్నదానితో పని లేకుండా తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా ఎంచుకోవచ్చు. పల్లెటూళ్ల నుంచి కలెక్టర్లు రావడానికి వేసిన బాట అది.

2013 మార్చి 5న వెలువడిన నోటిఫికేషన్ ఆ బాట మీద కంచె వేసింది. ప్రాంతీయ భాషలో రాయాలంటే డిగ్రీ కూడా ఆ భాషా మాధ్యమంలోనే చదివి ఉండాలి. ఆ భాషను ఎంచుకున్నవాళ్లు కనీసం 25 మంది ఉండాలి. ఒక భాషా సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకోవాలంటే డిగ్రీలో అదే ప్రధాన విషయమై ఉండాలి. ఇంగ్లీషు పేపరు మార్కులు ర్యాంకులో కలుస్తాయి.

ఈ నిబంధనలను పలాస పంతులుగారి పక్కన పెట్టి చూడండి. ఆయనది సైన్సు డిగ్రీ. తెలుగు సాహిత్యం ఐచ్ఛికంగా తీసుకోవడానికి వీలుండదు. రెండు పేపర్లు, 500 మార్కులు. చిన్నప్పటి నుంచి ప్రేమించి చదువుకున్న పద్యం, కథ, వ్యాకరణం అన్నీ ఆ ఒక్క షరతుతో బయటే ఉండిపోయేవి. ఆయన తెలివి తగ్గదు, కష్టం తగ్గదు. గుమ్మం మాత్రం మూసుకుంటుంది.

పార్లమెంటు అట్టుడికింది. తమిళనాడు, మహారాష్ట్ర, ఇంకా ఎన్నో రాష్ట్రాల సభ్యులు పార్టీలతో పని లేకుండా లేచి నిలబడ్డారు. మార్చి 15న మంత్రి వి. నారాయణస్వామి లోక్‌సభలో ఆ నోటిఫికేషన్‌ను ఆపుతున్నట్టు చెప్పాల్సి వచ్చింది. మార్చి 26న సవరణ వచ్చింది. భాషల విషయంలో పాత పద్ధతే తిరిగొచ్చింది, ఇంగ్లీషు పేపరు మళ్లీ అర్హతకే పరిమితమైంది. మొత్తం మూడు వారాల వ్యవహారం. ఆ మూడు వారాల్లో దేశ రాజధానిలో గొంతు చించుకున్నవాళ్లకు పారసంబ ఎక్కడుందో తెలియదు. ఆ ఊరి పంతులు నాలుగేళ్ల తర్వాత మూడో ర్యాంకు తెస్తాడనీ తెలియదు. నిబంధన నిలబెట్టారు, మనిషి తనంతట తాను వచ్చాడు.

*

2016 ఆగస్టు 7, ప్రిలిమ్స్. దరఖాస్తు చేసినవాళ్లు 11 లక్షల పైచిలుకు, వచ్చి రాసినవాళ్లు దాదాపు 4.6 లక్షలు. ఈ తొలి మెట్టు మీద తెలుగుకు చోటు లేదన్న సంగతి దాచకుండా చెప్పుకోవాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం అభ్యర్థి ప్రశ్నను ఇంగ్లీషులో చదివి, మనసులో తెలుగు చేసుకుని, నాలుగు జవాబులను మళ్లీ ఇంగ్లీషులో పోల్చుకుని, అప్పుడు గడి నింపాలి. ఇదంతా గడియారం తిరుగుతుండగానే జరగాలి. 2014లో ఢిల్లీ వీధుల్లో జరిగిన అభ్యర్థుల ఆందోళన ఈ బాధ మీదే. 2015 నుంచి ఆప్టిట్యూడ్ పేపరులో 33 శాతం వస్తే చాలన్నారు. అది కూడా గ్రామీణ పిల్లలకు ఊపిరి పోసిన సవరణే.

డిసెంబరులో మెయిన్స్. పదిహేను వేల మంది చిల్లర మిగిలారు. ఇక్కడా జనరల్ స్టడీస్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే అచ్చవుతాయి. జవాబు మాత్రం తెలుగులో రాయొచ్చు. వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు, రెండు ఐచ్ఛిక పేపర్లు కలిపి 1,750 మార్కులు. చరిత్ర, సమాజం, పాలన, ఆర్థికం, నీతి. అంటే అభ్యర్థి తనకు తెలిసిన సమాజం గురించి తన భాషలో రోజుల తరబడి రాస్తాడు. ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చడానికి విడిగా ఒక పేపరుంది. అందులో గట్టెక్కితే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. ఈ అమరిక నాకు చాలా నచ్చుతుంది. భాషను విడిగా కొలిచారు, బుద్ధిని విడిగా కొలిచారు. ఒకదాని లోటును రెండోదాని ఖాతాలో రాయలేదు.

2017 వేసవిలో ఇంటర్వ్యూలు. ధోల్‌పూర్ హౌస్‌లో బల్లకు అటువైపు బోర్డు అధ్యక్షుడు, సభ్యులు. ఇటువైపు శ్రీకాకుళం పంతులు. మధ్యలో దుబాసీ. ఆయన తెలుగులో జవాబిచ్చాడు, దుబాసీ దాన్ని బోర్డుకు అందించాడు. దేశంలో ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఆ పరీక్ష ఒక మనిషి మాట వినడానికి పక్కన మరో మనిషిని కూర్చోబెట్టే ఓపిక చూపించింది.

తర్వాత గోపాలకృష్ణ పాడేరు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారిగా గిరిజన గూడేల్లో పనిచేశారు. మరో విశేషం కూడా ఇక్కడ చెప్పాలి. ముస్సోరీ అకాడమీలో శిక్షణ పూర్తిచేసే ఐఏఎస్‌లకు 2015 బ్యాచ్ నుంచి జేఎన్‌యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్‌లో ఎంఏ పట్టా ఇస్తోంది. అంటే తెలుగులో జవాబులు రాసి గెలిచిన అభ్యర్థి ఆ దారిన వెళ్లి జేఎన్‌యూ ఎంఏ అందుకోగలడు. అదే అభ్యర్థి సివిల్స్ జోలికి పోకుండా నేరుగా ఎమ్మే సీటు అడిగితే?

*

ఇప్పుడు ఉద్దానంలోకి రండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోపులు. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పొద్దస్తమానం పిక్కల మీద వంగి కూర్చునే ఆడవాళ్లు, జీడి నూనెకు నల్లబడ్డ వేళ్లు. టెక్కలి దాటితే సంతబొమ్మాళి ఉప్పు నేలలు. ఈ ఇళ్లలో డిగ్రీ మూడో ఏడు చదివే పిల్ల ఒకతె ఎమ్మే చేస్తానంటుంది. అప్పుడు ఏ ఇంట్లోనైనా వినపడే మాట ఒకటే.

“ఎమ్మే సోషలా? ఏటి ఉజ్జోగం వస్తాదే అమ్మా దాంతోటి?”

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కడుపు నిండని ఇల్లు అడగాల్సిన ప్రశ్నే. కానీ ఈ నేల మీద సోషల్ చదివినవాళ్లకు ఉన్నంత పని మరెక్కడా లేదు. క్రియాటినిన్ అన్న మాట ఇక్కడ చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. ఈ ఊళ్లను పట్టి పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు మూలం ఏమిటో తేల్చడానికి దశాబ్దాలుగా పరిశోధకులు వస్తున్నారు, పోతున్నారు. 2017లో హార్వర్డ్ వైద్యులు కూడా విశాఖ దాకా వచ్చి చర్చించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రక్తం, నీరు, మట్టి నమూనాలు లెక్కలేనన్ని తీశారు.

నమూనా సీసాలో పట్టనివి కొన్ని ఉన్నాయి. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లే మనిషి వెంట తోడు పోవడానికి ఇంట్లో ఎవరి కూలి పోతోంది? ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడే సంబంధాలెన్ని? ఇంటి పెద్ద మంచాన పడితే పొలం ఎవరి చేతికి పోతోంది, బడి మానేది కొడుకా కూతురా? వీటికి జవాబు దొరికేది ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ యాసలో మాట్లాడి, గంటల తరబడి వినేవాళ్లకు. సమాజ శాస్త్రం చేసే పని ఇదే.

కిడ్నీ జబ్బొక్కటే కాదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీ కింద ఉన్న గుడారి రాజమణిపురంలో రైతు పోరులో పోలీసుల తూటాలకు వీర గున్నమ్మ నేలకొరిగింది. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న ఊళ్ల మీద 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ అదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్ని దున్నేసింది, తరాలుగా పెంచిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. అదే ఏడాది నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. భూమి, వలస, తుపాను, జబ్బు, ఆడవాళ్ల కూలి. ఒక విశ్వవిద్యాలయం సోషల్ సైన్సెస్ విభాగానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ నేలను చదవడానికి బయటివాళ్లు రావడం మంచిదే. ఈ నేల బిడ్డలు ఆ చదువు చదవడం అంతకంటే అవసరం. ఎన్.జి. రంగా నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అర్థశాస్త్రం చదివి వచ్చి రైతు ఉద్యమానికి పెద్ద దిక్కయ్యాడు. రైతుబిడ్డ చేతికి అర్థశాస్త్రం అందితే ఏం జరుగుతుందో ఆంధ్ర దేశం అప్పుడే చూసింది.

*

మరి ఆ పిల్ల ఎమ్మే సీటుకు ఏం కావాలి?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. ఆరు సూత్రాల పథకంలో భాగంగా తెలుగువాళ్ల కోసం కేంద్రం ఇచ్చింది. ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అందరూ టిస్ అని పిలిచేది, 1936లో మొదలైంది. దానికి హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది. ఒకప్పుడు ఎవరి పరీక్ష వారిదే. టిస్ పరీక్షలో 100 ప్రశ్నలు, 100 నిమిషాలు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. జేఎన్‌యూ తన సొంత ప్రవేశ పరీక్ష నడిపిన రోజుల్లో వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు కొన్ని మార్కులు కలిపేది. జిల్లాలో స్త్రీల అక్షరాస్యత ఎంత, వ్యవసాయ కూలీలు ఎందరు వంటి లెక్కలు చూసి ఆ మార్కులు నిర్ణయించేవారు. ఎక్కడి నుంచి బయల్దేరి ఎంత దూరం నడిచి వచ్చావు అని అడిగిన పరీక్ష అది. అంత మంచి ఆలోచన మన ప్రవేశాల చరిత్రలో మరోటి కనిపించదు నాకు.

2022లో జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) ఆధ్వర్యంలో పీజీకి ఉమ్మడి పరీక్ష మొదలైంది. పేరు సీయూఈటీ-పీజీ. క్రమంగా చాలా కేంద్ర విశ్వవిద్యాలయాల సీట్లు దాని కిందికి వచ్చాయి. టిస్ కూడా 2024లో ఎక్కువ కోర్సులకు సొంత పరీక్ష మానేసి దీన్నే తీసుకుంది, పైన ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పెట్టుకుంది. ఒకే ఫీజు, ఒకే ప్రయాణం, ఎన్నో విశ్వవిద్యాలయాలు. పలాస నుంచి విశాఖకే రైల్లో దాదాపు 200 కిలోమీటర్లు పోవాల్సిన పిల్లకు అది నిజంగా మేలే. నాలుగు పరీక్షలకు నాలుగు ఊళ్లు తిరిగే ఖర్చు తప్పింది.

కానీ పేపరు చూడండి. 75 ప్రశ్నలు. 2025లో ఇచ్చిన సమయం 90 నిమిషాలు. ప్రశ్నకు 72 సెకన్లు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. నాలుగింటిలో ఒకటి గుర్తించడమే తప్ప ఒక్క వాక్యం రాసే పని లేదు. మందసలో భూమి ఎవరిది, ఎందుకు చేతులు మారింది అని పదేళ్లుగా కళ్లారా చూస్తున్న పిల్లకు అది చెప్పుకునే చోటే లేదు. అన్నిటికంటే ముఖ్యం, సోషియాలజీ అయినా హిస్టరీ అయినా పొలిటికల్ సైన్స్ అయినా ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది.

హిందీ రాష్ట్రాల పిల్ల తన భాషలో ప్రశ్న చదువుతుంది. 72 సెకన్లూ ఆలోచనకే. టెక్కలి డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం చదివిన పిల్లకు అందులో సగం అర్థం చేసుకోవడానికే పోతుంది. సామాజిక స్తరీకరణ గురించి ఆమె గంటసేపు మాట్లాడగలదు. అదే భావం తెలియని ఇంగ్లీషు మాట వేసుకుని ఎదురొస్తే పోల్చుకోలేదు. కోత పడుతుందన్న భయంతో వదిలేస్తుంది. ఆ వదిలేసిన ప్రశ్నల్లో సీటు పోతుంది.

తెలుగులో ప్రశ్నపత్రం తయారు చేయడం కష్టమని ఎవరైనా అంటే నమ్మకండి. అదే ఎన్‌టీఏ నీట్‌ను 13 భాషల్లో నడుపుతోంది, అందులో తెలుగుంది. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి 13 భాషల్లో నడుపుతోంది, అందులోనూ తెలుగుంది. డాక్టరు కావాలనే పిల్ల తెలుగులో ప్రశ్న చదవొచ్చు, ఇంజినీరు కావాలనే పిల్లవాడూ చదవొచ్చు. చివరికి డిగ్రీ ప్రవేశాలకు జరిపే సీయూఈటీ-యూజీలో సోషియాలజీ, చరిత్ర, రాజనీతి శాస్త్రం కూడా తెలుగులో రాయొచ్చు. పద్దెనిమిదేళ్లప్పుడు సమాజ శాస్త్రాన్ని తెలుగులో అడిగిన సంస్థే మూడేళ్లు గడిచాక అదే పిల్లను, అదే శాస్త్రాన్ని తెలుగులో అడగనంటోంది. ఈ మూడేళ్లలో మారింది ఏమిటి?

ఎమ్మే పాఠాలు ఇంగ్లీషులో జరుగుతాయి కాబట్టి ఇంగ్లీషు రావాలి కదా అన్నది ఎదురు వాదన. బరువున్న వాదనే, కొట్టిపారేయను. వైద్య పాఠాలూ ఇంగ్లీషులోనే కదా జరుగుతున్నాయి? అక్కడ తెలుగులో రాసి వచ్చిన పిల్లలు మొదటి ఏడాదిలో కుస్తీపట్టి నేర్చుకుని డాక్టర్లవుతున్నారు. ఇంగ్లీషు పనికొచ్చే మేరకు ఉందో లేదో చూడాలంటే సివిల్స్ పద్ధతి ఉండనే ఉంది. అర్హతకు చిన్న పరీక్ష పెట్టండి, గట్టెక్కితే చాలనండి. ర్యాంకు మాత్రం శాస్త్రంలో ఇవ్వండి. 2023 ఏప్రిల్‌లో యూజీసీ స్వయంగా విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాసింది. కోర్సు ఇంగ్లీషులో నడిచినా పరీక్షలు స్థానిక భాషలో రాయనివ్వండి అని. లోపలికి వచ్చిన విద్యార్థికి ఇవ్వమన్న వెసులుబాటు లోపలికి రాబోయే విద్యార్థికి ఎందుకు లేదు?

*

భాష దాటాక కాగితం. ఈ కాగితాల దగ్గర మన జిల్లా పిల్లలు ఎందరు జారిపోతారో చెప్పుకోరు, చెప్పుకోవాలి. ఓబీసీ కోటాకు సచివాలయంలో తీసిన రాష్ట్ర కుల ధ్రువపత్రం పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్ కాదని తహసీల్దారు సంతకంతో, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. 2017 నుంచి ఆదాయ పరిమితి 8 లక్షలు. ఆ లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈ సంగతి తెలియక తమకు కోటా వర్తించదనుకుని జనరల్‌లో దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు. మరో చిక్కు కూడా ఉంది. రాష్ట్ర జాబితాలో బీసీ అయిన ప్రతి కులం కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. మన జిల్లాలోని శిష్టకరణం, కళింగ వైశ్య, సొండి కులాలను కేంద్ర జాబితాలో చేర్చాలని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు, లోక్‌సభలోనూ అడిగారు. దరఖాస్తు నింపేముందు తన కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలని డిగ్రీ మూడో ఏట ఒక్క లెక్చరరు ఒక్క గంట కూర్చోబెట్టి చెబితే ఎన్ని సీట్లు నిలబడతాయో!

కాగితం దాటాక డబ్బు. 2018 ఫిబ్రవరిలో టిస్ విద్యార్థులు నాలుగు ప్రాంగణాల్లోనూ, హైదరాబాద్ సహా, తరగతులు మాని కూర్చున్నారు. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మీద చదివే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకు ఇస్తూ వచ్చిన ఫీజు, హాస్టలు మినహాయింపులు ఎత్తేశారన్నది వాళ్ల బాధ. స్కాలర్‌షిప్పు ఎప్పుడో వస్తుంది, ఫీజు ముందే కట్టాలి. జీడి పిక్కల కూలి మీద బతికే ఇంటికి ఆ మధ్య నెలలే గండం. సీటు రావడం, సీటులో చేరడం రెండూ ఒకటి కావని ఆ సమ్మె దేశానికి చూపించింది.

ఇన్ని దాటలేని పిల్లకు ఇంటికి దగ్గరలో ఎచ్చెర్ల ఉంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై, 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయమైంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు, ఈ జిల్లాలో ఎందరి ఇళ్లలోనో తొలి పీజీ పట్టా అక్కడిదే. అయితే ఎచ్చెర్లను పిల్ల తనకు తానుగా కోరుకోవాలి. హైదరాబాద్ గుమ్మం దగ్గర భాష పేరుతో ఆపేస్తే వెనక్కి తిరిగి వచ్చే చోటు కాకూడదది.

2013లో ఆ నోటిఫికేషన్ మూడు వారాల్లో వెనక్కి పోయింది, అడిగినవాళ్లున్నారు కాబట్టి. సీయూఈటీ-పీజీ మొదలై ఏళ్లు గడిచినా తెలుగు ప్రశ్నపత్రం కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఆ స్థాయి గొంతు లేవలేదు. టెక్కలి పక్కన నిమ్మాడ బిడ్డ ఇవాళ కేంద్రంలో మంత్రి. రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది కూర్చున్నారు. సీయూఈటీ-యూజీకి తెలుగులో ప్రశ్నలు తయారు చేసే అనువాదకులు ఎన్‌టీఏ దగ్గర ఇప్పటికే ఉన్నారు. వచ్చే నోటిఫికేషన్‌లో ప్రశ్నపత్రం భాషలు అని రాసే చోట ఇంగ్లీషు, హిందీల పక్కన తెలుగు అన్న మాట చేర్చమని ఆ 42 మందీ అడగాలి. వాళ్లు అడిగేదాకా టెక్కలి, పలాస, సోంపేట డిగ్రీ కాలేజీల్లో సోషల్ పాఠాలు చెప్పే లెక్చరర్లు, చదివే పిల్లలు వాళ్లను అడగాలి.